కార్బన్, అల్యూమినియం కలిసే చోట ఏం జరుగుతుంది? బలాన్ని శాసించే పలుచని పొర కథ

ఖరగ్‌పూర్: నిమ్‌పురా యార్డు మీదుగా సాగే ప్రతి విద్యుత్ ఇంజిన్ నెత్తిన ఒక నల్లని పట్టీ ఉంటుంది. పాంటోగ్రాఫ్ పైభాగంలో అమర్చే ఆ పట్టీ 25,000 వోల్టుల తీగను రాసుకుంటూ ఇంజిన్‌కు కరెంటు అందిస్తుంది. చూపులకు బొగ్గు ముక్కలా ఉన్నా అది ఉత్త బొగ్గు కాదు. కార్బన్‌లోని సూక్ష్మరంధ్రాలలోకి కరిగిన రాగిని ఒత్తిడితో ఎక్కించి తయారుచేసే ఈ రకాన్ని రైల్వేలో మెటలైజ్డ్ కార్బన్ స్ట్రిప్ అంటారు. ఇక్కడ రాగికీ కార్బన్‌కూ రసాయనికంగా ఏ బంధమూ లేదు. రంధ్రాల్లో బిగుసుకుపోయిన రాగి అక్కడే ఉండిపోతుంది, అంతే. రాసుకోవడానికి, కరెంటు మోయడానికి ఆ మాత్రం కలయిక చాలు.

అదే కార్బన్‌ను రాగితో కాక అల్యూమినియంతో కలిపితే, అదీ రాపిడి కోసం కాక బరువు మోయడం కోసం కలిపితే, వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. అల్యూమినియం కార్బన్‌ను ఊరకే తాకి ఉండదు. దానితో చర్య జరుపుతుంది. ఆ చర్య ఏ మేరకు జరిగిందన్న దానిపైనే తయారైన పదార్థం ఉక్కుకు పోటీగా నిలుస్తుందా, చాక్‌పీస్‌లా పుటుక్కున విరుగుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. కార్బన్ పోగులతో బలపరిచిన అల్యూమినియంపై అర్ధశతాబ్దికి పైగా ప్రపంచమంతటా సాగుతున్న పరిశోధనలో అధిక భాగం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఈ పొర గురించే.

ఇంత శ్రమ ఎందుకు?

రవాణా రంగానికి బరువే ఖర్చు. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో పట్టాలెక్కిన దేశపు తొలి అల్యూమినియం గూడ్సు రేకు, ఉక్కు వ్యాగన్ల రేకుకన్నా 180 టన్నులు తేలికని దాని తయారీలో పాలుపంచుకున్న హిండాల్కో సంస్థ ప్రకటించింది. ఆ మేరకు అదనపు సరుకు ఎక్కించవచ్చు. ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు కరెంటు ఆదా అవుతుంది. రాత్రింబవళ్లు గూడ్సు బండ్లను విడదీసి, జతచేసే నిమ్‌పురా యార్డులో పనిచేసినవారికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తరతరాలుగా అదే పని చేస్తున్నవారు ఉన్నారు.

అయితే అల్యూమినియం తేలికే కానీ ఉక్కంత బిగువైనది కాదు. లోహం సాగకుండా, వంగకుండా నిలిచే గుణాన్ని దృఢత్వం అనుకుంటే ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్. అల్యూమినియానికి 70 మాత్రమే. ఇక్కడే కార్బన్ ఫైబర్ రంగంలోకి వస్తుంది. సుమారు 7 మైక్రాన్ల మందం, అంటే తలవెంట్రుకలో పదో వంతు మాత్రమే ఉండే సాధారణ రకం కార్బన్ పోగుకు దృఢత్వం 230 గిగాపాస్కల్స్, లాగుడును తట్టుకునే బలం 3,500 మెగాపాస్కల్స్. సాంద్రతేమో ఘన సెంటీమీటరుకు 1.76 గ్రాములే. అల్యూమినియం సాంద్రత 2.7 గ్రాములు, ఉక్కుది 7.85.

సగం పోగులు, సగం అల్యూమినియం ఉన్న ముక్కను ఊహించుకుందాం. పోగులన్నీ ఒకే దిశలో ఉన్నాయనుకుంటే, ఆ దిశలో దృఢత్వం రెండింటి సగటు, అంటే 150 గిగాపాస్కల్స్ వస్తుంది. సాంద్రత 2.23. బరువుతో పోల్చి చూస్తే ఇది ఉక్కుకన్నా రెండున్నర రెట్ల బిగువు. బలం విషయంలో పోగుల వాటాయే 1,750 మెగాపాస్కల్స్. కాగితం మీద ఇంతకన్నా ఆకర్షణీయమైన పదార్థం దొరకడం కష్టం. తయారుచేసి పరీక్షించినప్పుడు మాత్రం తొలితరం పరిశోధకులకు ఇందులో చిన్న భాగమే చేతికందింది. లెక్క తప్పు కాదు. పోగు, లోహం రెండూ కలిసిన తర్వాత కూడా ఎవరి గుణాలతో వారుంటారని ఆ లెక్క ముందుగానే అనుకోవడమే చిక్కు.

మొదట అంటుకోదు, తర్వాత వదలదు

కరిగిన అల్యూమినియాన్ని కార్బన్ మీద పోస్తే తామరాకుపై నీటిబొట్టులా గుండ్రంగా నిలుస్తుంది, పరచుకోదు. ద్రవం ఒక ఘనపదార్థం మీద పరచుకుంటుందా లేదా అన్నది చుక్క అంచు దగ్గర ఏర్పడే కోణాన్ని బట్టి చెబుతారు. అది 90 డిగ్రీలకు మించితే తడవడం లేదని అర్థం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ సమీప ఉష్ణోగ్రతల్లో కార్బన్‌పై దాని కోణం 140 డిగ్రీలకు పైమాటే. కరిగిన లోహం మీద ఎప్పుడూ ఉండే పలుచని ఆక్సైడు పొర దీనికి ఒక కారణం. వేల పోగులున్న కట్ట లోపలికి ఇలాంటి ద్రవం తనంతట తాను చొరబడదు. ఖాళీలు మిగిలిపోతాయి.

ఉష్ణోగ్రత పెంచితే తడవడం మెరుగవుతుంది. దాదాపు వెయ్యి డిగ్రీలకు చేరితే అల్యూమినియం కార్బన్ మీద చక్కగా పరచుకుంటుంది. కానీ అలా పరచుకోవడానికి కారణమే రసాయన చర్య. నాలుగు అల్యూమినియం పరమాణువులు మూడు కార్బన్ పరమాణువులతో కలిసి అల్యూమినియం కార్బైడ్ ఏర్పడుతుంది. లోహం కరగకముందే, 500 నుంచి 550 డిగ్రీలు దాటితే ఈ చర్య గమనించదగ్గ వేగం అందుకుంటుంది. అంటే పోగులను అంటించడానికి కావలసిన వేడి, వాటిని తినేయడానికి కూడా సరిపోతుంది.

తెలుగు వ్యాకరణం తెలిసిన పాఠకుడికి ఈ పరిస్థితి కొత్తగా తోచదు. రెండు పదాలు కలిసే చోటును సంధి అంటాం. ‘రాముడు’, ‘అతడు’ కలిస్తే ఒక అచ్చు లోపించి ‘రాముడతడు’ అవుతుంది. ‘మా’, ‘అమ్మ’ కలిస్తే రెండింటిలోనూ లేని ‘య’ మధ్యలో వచ్చి చేరి ‘మాయమ్మ’ అవుతుంది. లోహశాస్త్రంలో రెండు పదార్థాలు తాకే చోటును సంధితలం అనడం ఈ లెక్కన సబబే. అక్కడ లోపమూ జరుగుతుంది, ఆగమమూ జరుగుతుంది. పోగు ఉపరితలం కొంత కరిగిపోతుంది. పోగూ కాని, లోహమూ కాని మూడో పదార్థం మధ్యలో పుడుతుంది. తేడా ఒక్కటే: వ్యాకరణంలోని ‘య’ ఉచ్చారణకు సాయపడుతుంది, ఇక్కడి కార్బైడ్ ఎక్కువైతే నిర్మాణాన్నే దెబ్బతీస్తుంది.

గీత పడిన గాజు

కార్బైడ్ సమానమైన పూతలా పోగు చుట్టూ పరచుకోదు. పోగు అంచు నుంచి అల్యూమినియంలోకి పలుచని పలకలుగా, సూదులుగా పెరుగుతుంది. ఒక్కో పలక మొదట్లో పోగు ఉపరితలంపై చిన్న గుంట మిగులుతుంది. అసలు నష్టం ఆ గుంటతోనే మొదలవుతుంది.

పెళుసు పదార్థాల బలం వాటి మీద ఉన్న గీతల లోతును బట్టి ఉంటుందని బ్రిటిష్ ఇంజినీరు ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో చూపించారు. అద్దం కోసేవాడు గాజు మీద చిన్న గీత గీసి, ఆ గీత వెంట తేలిగ్గా విరగ్గొట్టడం ఈ సూత్రం మీదే. గ్రిఫిత్ లెక్క ప్రకారం గీత లోతు నాలుగు రెట్లయితే బలం సగానికి పడిపోతుంది. కార్బన్ పోగు కూడా పెళుసు పదార్థమే. మైక్రాన్‌లో కొద్ది వంతుల లోతున్న గుంట దాని బలాన్ని సగం చేయగలదు. పోగుల బలం సగమైతే పైన చెప్పిన ముక్కలో వాటి వాటా 1,750 నుంచి 875 మెగాపాస్కల్స్‌కు దిగిపోతుంది. కార్బన్ పరిమాణం ఏమాత్రం తగ్గినట్టు కనిపించదు, దృఢత్వం దాదాపు యథాతథంగా ఉంటుంది. బలం మాత్రం మాయమవుతుంది. దృఢత్వాన్ని మాత్రమే కొలిచి ఊరుకునే పరీక్షలో ఈ లోపం బయటపడదు.

అలాగని చర్య అసలే జరగకపోతే మేలా అంటే, అదీ కాదు. పోగులు మోసే బరువంతా లోహం నుంచే వాటికి అందాలి. ఆ బదిలీ సంధితలం గుండానే జరుగుతుంది. పట్టు మరీ బలహీనంగా ఉంటే పోగులు ఒరలోంచి కత్తి దూసినట్టు బయటికి జారిపోతాయి. పోగులకు అడ్డంగా లాగినప్పుడైతే కట్టెల మోపు విడిపోయినట్టు ముక్క విడిపోతుంది. విరిగిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే పొడవాటి పోగులు బ్రష్షు కుంచెలా పైకి లేచి కనిపిస్తాయి.

ఇక పట్టు మరీ గట్టిపడితే జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. ఏదో ఒక పోగు విరుగుతుంది. ఆ పగులు సంధితలం దగ్గర పక్కకు మళ్లాలి. మళ్లితే మిగతా పోగులు భారాన్ని పంచుకుంటాయి. కార్బైడ్ రెండింటినీ గట్టిగా కుట్టేసినప్పుడు పగులుకు పక్కదారి ఉండదు. ఒక పోగు నుంచి మరో పోగుకు నేరుగా దూసుకుపోతుంది. విరిగిన తలం పలకలా చదునుగా, నున్నగా ఉంటుంది. లోహశాస్త్ర ప్రయోగశాలల్లో ఇలాంటి తలాన్ని చూడగానే చర్య మితిమీరిందని అనుమానిస్తారు. సంధితలం ఎంత గట్టిగా ఉంటే పదార్థం అంత బలంగా ఉంటుందన్న సహజమైన ఊహ ఈ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. పగుళ్లను మళ్లించేంత మెత్తగా, బరువును అందించేంత గట్టిగా ఉండాలి.

పట్టు ఎంత కావాలో చెప్పే సులువైన లెక్కను ఏ. కెల్లీ, డబ్ల్యూ.ఆర్. టైసన్ 1965లో ఇచ్చారు. పోగు తన పూర్తి బలాన్ని ఉపయోగించుకోవాలంటే దాని పొడవు ఒక కనీస హద్దును మించాలి. పోగు బలాన్ని మందంతో హెచ్చించి, సంధితలం తట్టుకునే కోత ప్రతిబలానికి రెండు రెట్లతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. సంధితలం 50 మెగాపాస్కల్స్ తట్టుకుంటుందనుకుంటే, పైన చెప్పిన పోగుకు ఇది పావు మిల్లీమీటరు లోపే. పొడవాటి పోగులున్న చోట ఓ మోస్తరు పట్టు కూడా చాలునన్నమాట. కార్బైడ్‌తో కొనితెచ్చుకునే అదనపు పట్టు చాలా సందర్భాల్లో అవసరమే లేదు.

తేమ తగిలితే

మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్, వెల్డింగు షాపుల్లో ఎసిటిలీన్ కోసం వాడే కార్బైడ్ చాలామందికి తెలుసు. అది కాల్షియం కార్బైడ్. నీరు తగిలితే ఎసిటిలీన్ ఇస్తుంది. అల్యూమినియం కార్బైడ్ దాని దాయాది. నీరు, తేమగాలి తగిలితే ఇది మీథేన్ వాయువును వదిలి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. సాంద్రతల లెక్క ప్రకారం ఆ హైడ్రాక్సైడ్ అంతకుముందున్న కార్బైడ్‌కన్నా రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. పోగుకూ లోహానికీ మధ్య ఇరుకులో ఇలా ఉబ్బితే సంధితలం తెరుచుకుంటుంది. ఆ సందులోంచి మరింత తేమ లోపలికి వెళుతుంది. బెంగాల్ వానాకాలంలో ఆరుబయట ఉంచే వస్తువుకు ఇది చిన్న సమస్య కాదు. తయారైన రోజు పరీక్ష నెగ్గిన ముక్క కొన్ని నెలల తర్వాత నెగ్గకపోవచ్చు.

ఈ గుణం పరిశోధకులను కూడా బోల్తా కొట్టించగలదు. సూక్ష్మదర్శిని కోసం నమూనాను నీటితో సానపడితే పైనున్న కార్బైడ్ కరిగి కొట్టుకుపోతుంది. సంధితలం ఎంతో శుభ్రంగా కనబడుతుంది. అందుకే నూనెతోనో ఆల్కహాలుతోనో సానపట్టడం ఆనవాయితీ. మరోవైపు ఇదే గుణం కొలమానంగానూ పనికొస్తుంది. మిశ్రమ పదార్థాన్ని కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి, వెలువడిన మీథేన్ ఎంతో కొలిస్తే కార్బైడ్ ఎంత ఏర్పడిందో లెక్క తేలుతుంది. కరగకుండా మిగిలిన పోగులను ఒక్కొక్కటిగా లాగి చూస్తే అవి ఎంత బలం కోల్పోయాయో తెలుస్తుంది.

అల్యూమినియం, కార్బన్ కలహం కొత్తదేమీ కాదు. 1886లో హాల్, ఎరూ వేర్వేరుగా కనుగొన్న విధానంలోనే నేటికీ ప్రపంచమంతా అల్యూమినియం తీస్తున్నారు. ఒడిశాలోని అంగుల్‌లో నాల్కో నడిపే కర్మాగారంలోనూ అదే పద్ధతి. 960 డిగ్రీల సమీపంలో కరిగిన లోహం కార్బన్ అడుగు మీద నిలిచి ఉంటుంది. ఆ అడుగు ఏళ్ల తరబడి అరిగిపోవడానికి ఇదే కార్బైడ్ ఒక ముఖ్య కారణమని పరిశ్రమకు బాగా తెలుసు. అక్కడ అరిగేది మందపాటి దిమ్మె కనుక కొన్నేళ్లు భరించవచ్చు. ఏడు మైక్రాన్ల పోగుకు ఆ వెసులుబాటు లేదు.

చర్యకు కళ్లెం

మార్గాలు నాలుగు వైపుల నుంచి వెతికారు. అన్నిటికన్నా సులువైనది సమయాన్ని తగ్గించడం. పోగుల కట్టను ముందుగా వేడిచేసి, కరిగిన లోహాన్ని అధిక ఒత్తిడితో క్షణాల్లో లోపలికి నెట్టి, వెంటనే గడ్డకట్టించే స్క్వీజ్ కాస్టింగ్ ఇందుకు పేరుపడింది. తడవని ద్రవాన్ని ఒత్తిడి బలవంతంగా లోపలికి పంపుతుంది. చర్య జరపడానికి దానికి వ్యవధి దొరకదు.

రెండోది లోహం కూర్పును మార్చడం. అల్యూమినియంలో సిలికాన్ కలిపితే కార్బైడ్ ఏర్పడే మొగ్గు తగ్గుతుంది. పైగా 12 శాతం మేర సిలికాన్ ఉన్న మిశ్రమలోహం 577 డిగ్రీలకే కరుగుతుంది కనుక వేడి కూడా తక్కువ సరిపోతుంది. దీనికీ మూల్యం ఉంది. గడ్డకట్టేటప్పుడు పెళుసైన సిలికాన్ ముక్కలు పోగుల మీదే పేరుకుంటాయి. కార్బన్ పోగులకు బదులు సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపే అల్యూమినియంలోనూ ఇదే ఉపాయం పనిచేస్తుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధన ప్రయోగశాల వంటి సంస్థలు పనిచేసిన ఆ పదార్థాన్ని పోతపోయాలంటే, ఎక్కువ సిలికాన్ ఉన్న లోహాన్ని ఎంచుకోవడం రివాజు.

మూడోది పోగుకు పూత. 1960ల మధ్యలో అమెరికాలోని ఇంకో సంస్థకు చెందిన మెరికా ప్రయోగశాలలో, తర్వాత భారత్‌లో ఈ రంగానికి ఆద్యుడైన ప్రదీప్ రోహత్గీ, నికెల్ పూసిన గ్రాఫైట్ పొడిని కరిగిన అల్యూమినియంలోకి వాయువుతో పాటు ఊది కలిపారు. నికెల్ వల్ల తడవడం కుదిరింది. అయితే నికెల్ అల్యూమినియంలో కరిగి పెళుసైన సమ్మేళనాన్ని ఇస్తుంది; రాగి పూత కథా అంతే. పోగుల కోసం 1970లలో టైటానియం, బోరాన్ వాయు సమ్మేళనాల నుంచి పలుచని పూత వేసే పద్ధతి అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఆ పూత మంచిదే కానీ మహా సుకుమారం. పూసిన పోగుకు గాలి సోకితే తడిసే గుణం పోతుంది. నేరుగా కరిగిన లోహంలోకే వెళ్లాలి. సిలికాన్ కార్బైడ్, సిలికా, టైటానియం నైట్రైడ్ పూతలు తర్వాత వచ్చాయి. ప్రతి పూతా మరో సంధితలాన్ని సృష్టిస్తుందన్నది వీటన్నిటికీ వర్తించే ఇబ్బంది.

నాలుగోది పోగు ఎంపిక. కార్బన్ పరమాణువులు పుస్తకంలోని పేజీల్లా పొరలుగా ఉంటాయి. పేజీ ముఖం మీద అల్యూమినియం పెద్దగా ప్రభావం చూపదు. పేజీల అంచుల మీదే దాడి చేస్తుంది. పొరలు క్రమంగా, ఉపరితలానికి సమాంతరంగా పేర్చి ఉన్న గ్రాఫైట్ పోగులు అందుకే ఎక్కువ తట్టుకుంటాయి. పొరలు చిందరవందరగా ఉండే చౌక రకాలు తొందరగా లొంగిపోతాయి.

ఈ పాఠాలన్నీ ఒక్కచోట కనబడే వస్తువు భూమ్మీద లేదు. 1990 ఏప్రిల్‌లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోపుకు యాంటెన్నాలను మోసే 3.6 మీటర్ల కడ్డీలను పీ100 రకం గ్రాఫైట్ పోగులు, 6061 అల్యూమినియంతో చేశారు. లోహాన్ని కరిగించకుండా వేడి, ఒత్తిడితో అతికించే పద్ధతి వాడారు. అంతరిక్షంలో తేమ లేదు. ఎండ నుంచి నీడలోకి వెళ్లినప్పుడు కడ్డీ పొడవు మారకపోవడం ముఖ్యం. అల్యూమినియం డిగ్రీకి పది లక్షలకు 23 వంతులు వ్యాకోచిస్తే, కార్బన్ పోగు పొడవునా స్వల్పంగా కుంచించుకుంటుంది; ఒకదాన్నొకటి అదుపు చేస్తాయి. అల్యూమినియం ఉన్నందున అదే కడ్డీ రేడియో తరంగాలను మోసే గొట్టంగానూ ఉపయోగపడింది. నేల మీద చెప్పుకోదగ్గ ఉదాహరణ హోండా ప్రెల్యూడ్ కారు. దాని ఇంజిన్ సిలిండర్ గోడల్లో కార్బన్, అల్యూమినా పొట్టి పోగులను కలిపి వాడారు.

చర్యనే పనిముట్టుగా

నిమ్‌పురాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, 1951లో హిజ్లీలో ప్రారంభమైన ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇదే ప్రశ్నకు వేరే వైపు నుంచి జవాబు వెతికారు. చర్యను ఆపడం ఇంత కష్టమైతే, మేలుచేసే చర్యనే ఎందుకు ఎంచుకోకూడదు? టైటానియం, బోరాన్ ఉన్న ఫ్లోరైడ్ లవణాలను కరిగిన అల్యూమినియంలో వేస్తే, ద్రవంలోనే టైటానియం డైబోరైడ్ సూక్ష్మరేణువులు పుడతాయి. బయటి నుంచి తెచ్చి కలిపినవి కావు కనుక వాటి మీద ఆక్సైడు, మురికి ఉండవు. లోహంతో పట్టు సహజంగా కుదురుతుంది. అల్యూమినియంతో మళ్లీ చర్య జరిపే తొందరా వాటికి లేదు. ఖరగ్‌పూర్‌లో ఈ పరిశోధనల్లో పాల్గొన్నవారిలో బి.ఎస్. మూర్తి ఒకరు. ఆ తర్వాత మద్రాసు ఐఐటీలో పనిచేసిన ఆయన, 2019లో హైదరాబాద్ ఐఐటీ డైరెక్టరయ్యారు. రేణువులు పోగులంత బలాన్నివ్వవు. అరుగుదలను మాత్రం బాగా తగ్గిస్తాయి. ఎక్కడ ఏది కావాలన్నది వస్తువును బట్టి తేలాల్సిందే.

కార్బన్, అల్యూమినియం జంట ఇప్పటికే కొన్ని విద్యుత్ ప్రసార లైన్ల మీదికి చేరింది. ఉక్కు తీగకు బదులు కార్బన్ ఫైబర్ కడ్డీని మధ్యలో ఉంచి, చుట్టూ అల్యూమినియం తీగలు పేనే ఈ రకం తీగ వేడెక్కినా తక్కువగా సాగుతుంది. కడ్డీలోని పోగులను రెసిన్‌లో ముంచి గట్టిపరుస్తారు కనుక కార్బైడ్ బెడద లేదు. కానీ తడి వాతావరణంలో ఈ రెండూ తాకితే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తుప్పుపడుతుంది. అందుకని కార్బన్ కడ్డీ చుట్టూ గాజు పోగుల పొర ఒకటి చుట్టి, ఆ తర్వాతే అల్యూమినియం పేనుతారు.